కమ్మ: ఆకు, జాబు, చెవిసొమ్ము

సభకు నమస్కారం.

నేటి ప్రసంగానికి నేను ఎంచుకున్న మాట ‘కమ్మ’. చెవికమ్మలు అందరికీ తెలిసినవే, తాటికమ్మల పాక చూసినవారూ ఇక్కడ ఉండే ఉంటారు. అయితే పాత కావ్యంలో రాజు కమ్మ పంపాడంటే జాబు పంపాడని అర్థం చేసుకోవాలంటే నేటి చదువరి కాస్త తడుముకోక తప్పదు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో ఈ అర్థాలన్నీ ఉన్నాయి.

ఈ మూడింటికీ పుట్టిల్లు తాటిచెట్టే. ఎండబెట్టిన ఆకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లో మసి పూస్తే అక్షరాలు తేలేవి. దాన్ని చుట్టి పంపితే జాబు. చెవి సంగతి ఇంకా ముచ్చటైనది. కుట్టిన చెవి రంధ్రం పెద్దది కావడానికి తాటాకు ముక్కను బిగువుగా చుట్టి అందులో దూర్చేవారు. ఆ చుట్ట విచ్చుకోవాలని చూస్తుంది కనుక తమ్మెను మెల్లమెల్లగా సాగదీసేది. ఆకు పోయి బంగారం వచ్చినా పేరు నిలిచిపోయింది. కన్నడిగుల ‘ఓలె’ కూడా ఆకు, జాబు, చెవిసొమ్ము మూడూ అవుతుంది. అమరకోశమైతే చెవి ఆభరణమైన కర్ణికకు ‘తాలపత్రం’ అనే పేరే చెప్పింది.

కమ్మతెమ్మెర, కమ్మని పెరుగు అన్నప్పటి కమ్మ మాత్రం వేరు. పరిమళించడమనే అర్థమున్న తమిళ ‘కమళ్’ దీనికి చుట్టం. కన్నడంలో సువాసననే చెప్పే ‘కంపు’ కూడా చుట్టమే, మన నోట పడి అది ముక్కు మూసుకునే మాటైనా సరే. కమ్మరి సంస్కృత ‘కర్మార’ శబ్దం నుంచి వచ్చినవాడు కనుక ఆయనకూ తాటాకుతో పని లేదు.

ఇక గుంటూరు, ఒంగోలు ప్రాంతపు పాత పేరైన కమ్మ సీమ సంగతి. ఆంధ్రదేశాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు జగ్గయ్యపేట ప్రాకృత శాసనంలో ‘కమ్మాక రఠ’ అని ఉన్నది, తర్వాతి శాసనాల్లో కర్మరాష్ట్రంగాను, కమ్మనాడుగాను కనిపిస్తుంది. ‘కర్మ’ ప్రాకృతంలో ‘కమ్మ’ అవుతుంది కనుక అదే మూలమని కొందరూ, దేశ్యపదాన్నే సంస్కృతీకరించారని మరికొందరూ అంటారు. మన శాసనాల భాషే ముందు ప్రాకృతం, ఆపైన సంస్కృతం కాబట్టి, ఏ రూపం ముందు కనిపించిందన్న లెక్కతో ఈ తగవు తీరదని నా అభిప్రాయం. అక్షరాలు కలిశాయని ఆ సీమను తాటాకుకు ముడివేయడం మాత్రం నాకు సమ్మతం కాదు.