కర్చీఫ్ ఒకటే, అసూయలు రెండు

షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లో గురించి ఎక్కడ మాట్లాడినా కింద ఒక కామెంట్ ఖాయం: "పాపం, ప్రేమ ఎక్కువై చంపేశాడు." నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఎందుకంటే ఆ మాట మనం కనిపెట్టింది కాదు, తెలివిగా ప్రేమించలేకపోయాను గానీ మరీ ఎక్కువగా ప్రేమించాను అని చచ్చిపోయే ముందు ఒథెల్లోయే తన గురించి చెప్పుకున్నాడు. హంతకుడి స్టేట్‌మెంట్‌నే నాలుగు వందల ఏళ్లుగా తీర్పులా చదువుతున్నాం.

కథ ఒక్క ముక్కలో: భార్య డెస్డిమోనాకి తన కింద పనిచేసే కాసియోతో సంబంధం ఉందని ఇయాగో నూరిపోసిన అబద్ధాన్ని నమ్మి ఒథెల్లో ఆమెను చంపేశాడు. ఇక నేరుగా, ఒథెల్లో ఆమెకి తొలి కానుకగా ఇచ్చిన కర్చీఫ్ దగ్గరికి వెళ్దాం.

[స్క్రీన్ మీద: స్ట్రాబెర్రీలు కుట్టిన కర్చీఫ్]

డెస్డిమోనా చేతిలోంచి జారిపడితే ఎమిలియా తీసి మొగుడు ఇయాగోకిచ్చింది, వాడు కాసియో గదిలో పడేశాడు. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. తర్వాత అది బియాంకా చేతికి వెళ్తుంది, ఆ ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తరు.

కాసియో మీద ప్రాణం పెట్టుకున్న మనిషి బియాంకా. ఆ డిజైన్ బాగుంది, ఇలాంటిదే ఇంకోటి కుట్టిపెట్టు అని కాసియో ఆమె చేతికే ఇస్తాడు. చూడగానే ఆమెకు అనుమానం, ఇది ఎవత్తో ఇచ్చిందని. అదే కర్చీఫ్, అదే అనుమానం, పైగా ఆమె చెవిలో ఎవరూ విషం పోయలేదు, అది సాక్షాత్తూ ప్రియుడి చేతిలోంచే వచ్చింది. మరి ఏం చేసింది? కాసేపటికి తిరిగొచ్చి, ఎవరిచ్చారో వాళ్లకే ఇచ్చుకో, నేను కుట్టను పో అని కర్చీఫ్ తిరిగిచ్చేసి, రాత్రి భోజనానికి వస్తే రా అని విసవిసా వెళ్లిపోయింది. అంతే. ఎవరూ చావలేదు!

ఆ గొడవను చాటు నుంచి చూసిన ఒథెల్లోకి మాత్రం అదే తిరుగులేని రుజువు. అసలు ఆ కర్చీఫ్ గురించి ఆయన చెప్పేది కూడా ఒక తీరుగా ఉండదు. భార్యను బెదిరించేటప్పుడు ఈజిప్టు మంత్రగత్తె మా అమ్మకిచ్చింది అంటాడు, చంపేశాక మా నాన్న మా అమ్మకిచ్చాడు అంటాడు. ఏది నిజం నాయనా? చివరికి ట్రాజిక్ హీరో అనే పేరు ఆయనకి, వేశ్య అనే తిట్టు బియాంకాకి, అదీ ఎమిలియా నోటి నుంచి కూడా.

ఇప్పుడు 1999కి రండి. బ్రిటిష్ కవయిత్రి కరోల్ ఆన్ డఫీ కవితా సంపుటి 'ది వరల్డ్స్ వైఫ్'లో మెడుసా కవిత. గ్రీకు పురాణాల్లో పాముల జుట్టుతో, చూపుతోనే మనుషుల్ని రాళ్లను చేసేసే మెడుసా ఇక్కడ మొగుడి మీద అనుమానంతో తన కథ తనే చెప్తుంది. ఇక్కడ కర్చీఫ్ కూడా లేదు. మొదటి మాటే అనుమానం, అది పెరిగి పెరిగి తల మీద జుట్టు పాములైపోతుంది. అంటే అసూయ ముందు తినేసేది ఆమె ఒంటినే. ఒథెల్లోకీ ఒకసారి మూర్ఛ వస్తుంది, కాదనను, కానీ లేచాక చెంపదెబ్బ పడింది డెస్డిమోనాకి.

ఫెమినిస్టు కవిత్వం ఆడదాన్ని దేవతను చేస్తుందని వాదించేవాళ్లు దీన్ని చదవలేదు. ఈ మెడుసా చూపుకి తేనెటీగ గులకరాయైపోతుంది, పిట్ట, పిల్లి, పంది, ఏ పాపం తెలియనివన్నీ వరసగా రాళ్లూ ఇటుకలూ. డఫీ దాన్ని ఎక్కడా కప్పిపుచ్చదు, నాకు కవితలో అన్నిటికంటే నచ్చింది అదే.

టైమ్ అయిపోతోంది, రెండు విషయాలు గబగబా చెప్పేస్తా. ఒకటి, రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో సముద్ర దేవుడు నెప్ట్యూన్ మినర్వా దేవత గుడిలో మెడుసాను చెరిస్తే, ఆ మినర్వా శిక్ష వేసింది మెడుసాకే, పాముల జుట్టు అలా వచ్చింది. డఫీ ఆ దేవతను పక్కనపెట్టి నేరుగా మొగుణ్ణి నిలదీసింది. రెండోది, ఎవరు చేశారీ పని అని ఎమిలియా అడిగితే చచ్చిపోతూ డెస్డిమోనా ఇచ్చిన జవాబు: "ఎవరూ కాదు, నేనే." మెడుసా అలా మీదేసుకోదు, నువ్వూ నీ అమ్మాయిలూ అని మొహం మీదే అడుగుతుంది, ఆ మగాడికి కవితలో ఒక్క డైలాగూ లేదు.

కవిత చిన్నదే, కూర్చుంటే రెండు నిమిషాలు. చివర్లో, నేను అందంగా ఉండేదాన్ని కాదా, ఇప్పుడు నన్ను చూడు అంటుంది. చూస్తే రాయైపోతాడు కదా, మరి అది బతిమాలడమా, బెదిరింపా? మీకేమనిపించిందో కింద రాయండి.