అడిగిన పుస్తకాల చిట్టా

అందరికీ నమస్కారం.

పర్లాకిమిడిలో తెలుగు పుస్తకాల గురించి మాట్లాడుతూ గిడుగు రామమూర్తి గారి పేరెత్తకపోతే పెద్దలు ఊరుకోరు. అందుకని ఆ పని ముందే చేసేస్తాను. 1880లో ఇక్కడికి బడిపంతులుగా వచ్చి, కొండల మీద సవరలు మాట్లాడే మాట నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టారు. జనం నోట ఉన్న తెలుగే పుస్తకంలోనూ ఉండాలని పట్టుబట్టారు. 1936 ఏప్రిల్ 1న ఈ ఊరు ఒడిశాలో కలిసింది. మాట సంగతి ఆయన చూశారు, మనకి మిగిలిన చిక్కు అక్షరం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు గలగలా మాట్లాడే పిల్ల, ఒడియా గడగడా చదివే పిల్ల, తెలుగు పుస్తకం చేతికిస్తే అట్ట మీద బొమ్మ చూసి కింద పెట్టేస్తుంది.

ఇలాంటి ఊళ్ళో పుస్తకాల కొట్టుకి అరల కంటే ముఖ్యమైన వస్తువు ఒకటుంది. గల్లాపెట్టె పక్కన పెట్టుకునే రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు, అంటే అడిగిన పుస్తకాల చిట్టా. ఇచ్చిన పుస్తకాలకి బిల్లు ఎలాగూ ఉంటుంది. లేక ఇవ్వలేకపోయినవే ఇందులో రాయాలి.

గళ్ళు ఆరు చాలు: తేదీ, పుస్తకం, అడిగినవారు, ఫోను, ఎవరి కోసం, ఏ అక్షరాలు వచ్చు. పుస్తకం పేరు తప్పు చెప్పినా చెప్పింది చెప్పినట్టే రాయండి. “నీలం అట్ట, తాత కథ” అన్నా సరే. కొట్టువాడు తెలివికి పోయి అక్కడికక్కడే పేరు సరిదిద్దాడా, వేరే పుస్తకం వచ్చి కూర్చుంటుంది. ‘ఎవరి కోసం’ గడిని చాలామంది వదిలేస్తారు. అసలు సరుకంతా అందులోనే ఉంది. అడిగింది కోడలు, చదివేది చూపు ఆనని మావగారు అనుకోండి, పెద్దక్షరాల అచ్చు ఉందేమో ముందు వెతకాలి.

నెలాఖరున చిట్టా తిరగేస్తే ఒకే పుస్తకం మూడు వరసల్లో కనబడుతుంది. అడిగిన ముగ్గురూ ఒకరినొకరు ఎరగరు. ఒకరి ఫోను నంబరు ఇంకొకరికి ఇవ్వకండి. ఆడవాళ్ళ నంబరైతే మరీను, అడగకుండా ఇస్తే ఆ మనిషి మళ్ళీ కొట్టు గుమ్మం తొక్కదు. పుస్తకాలు తెప్పించి ముగ్గురికీ ఒకే కబురు పంపండి: ఆదివారం సాయంత్రం నాలుగింటికి రండి. చెప్పాల్సింది అంతే. ఒకే అట్ట చేతిలో పట్టుకున్న వాళ్ళని ఎవరూ పరిచయం చెయ్యనక్కరలేదు. కుర్చీలు మాత్రం ఉండాలి, టీ కూడా.

కలిపి తెప్పించడంలో డబ్బు కిటుకూ ఉంది. డెమ్మీ సైజు (మామూలు నవల సైజు), 200 పేజీలు, 70 జీఎస్‌ఎమ్ కాగితం (చదరపు మీటరుకి 70 గ్రాములు) అయితే పుస్తకం అట్టతో కలిపి సుమారు 230 గ్రాములు తూగుతుంది. తపాలా వాళ్ళ రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది. 2025 మేలో పుస్తకాలు పంపడానికే జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను వేరే. ఆ లెక్కన ఒక్క పుస్తకానికి ఇరవై పడితే, ఇరవై ఒకటి ఒకే కట్టగా వస్తే తలా ఐదు రూపాయల లోపే. అయితే వారపత్రికలు, మాసపత్రికలు అందులో వెళ్ళవు. పుస్తకం మీద అచ్చువేసినవారి పేరో ప్రచురణకర్త పేరో ఉండి తీరాలి. కట్ట కట్టేసి తీసుకెళ్ళి కౌంటరు దగ్గర పేచీ పడే కంటే ముందే అడగడం మేలు. 5 కిలోలు మించిన బరువుకి ఆర్టీసీ కార్గోలో ఆంధ్ర వైపున్న పాతపట్నం దాకా వేయించుకుంటే, అక్కడి నుంచి ఇక్కడికి ఆటో చాలు.

అట్టపెట్టె 15 కిలోలు దాటనివ్వకండి, అంటే అరవై పుస్తకాలు. దాటితే హమాలీ ఎత్తడు, దొర్లిస్తాడు. జిగురు వేసిన వీపు వైపు పుస్తకం కాస్త మందం. అన్నీ ఒకే వైపు పేరిస్తే దొంతర వాలిపోయి అట్టలు వంగుతాయి. అయిదేసి చొప్పున వీపులు అటూ ఇటూ మార్చి పడుకోబెట్టాలి. మూలల్లో పాత పేపరు కుక్కాలి, వానాకాలం లోపల ప్లాస్టిక్ కవరు వెయ్యాలి. వచ్చిన రోజే ఆ కవరు తీసెయ్యాలి కూడా. బరంపురం వైపు ఉప్పుగాలి తేమకి కవరులోనే బూజు పట్టిన పుస్తకాలు ఎన్నో.

ఇక ఒడియా అక్షరాలు మాత్రమే వచ్చిన వాళ్ళ సంగతి. వీళ్ళకి అమ్మకూడదు, ముందు వినిపించాలి. ఆదివారం ఆ నాలుగింటికే పది పేజీల కథ ఒకటి పైకి చదవండి. డెమ్మీ పేజీకి రెండు నిమిషాలు పైనే పడుతుంది, మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. అరగంట దాటితే పిల్లలు కదులుతారు, పెద్దలు ఫోను తీస్తారు. చదివే మనిషి పక్కన అదే బల్ల మీద నేర్చుకునే మనిషిని కూర్చోబెట్టి, ఇద్దరికీ ఒకే పుస్తకం ఇచ్చి, వేలు పంక్తి కింద నడిపించాలి.

వాళ్ళు ఎక్కడ ఆగుతారో గమనించండి. ‘ళ’ దగ్గర ఆగరు, ఒడియాలోనూ అది ఉంది. వత్తులు కొంచెం ఇబ్బంది పెడతాయి, నెలలో సర్దుకుంటాయి. అసలు తంటా ఎ, ఏలతోనూ ఒ, ఓలతోనూ. ఒడియా రాతలో వీటికి పొట్టి పొడుగుల తేడా లేదు. అందుకని ‘మెడ’నీ ‘మేడ’నీ, ‘కొన’నీ ‘కోన’నీ ఒకేలా చదివేస్తారు. చెవికి తేడా తెలుసు, కంటికే తెలియదు. తప్పు చదివారని సరిదిద్దకండి. “మేడలో గొలుసు వేసుకుంది” అని చదివాక ఆ మనిషే ఆగి, నవ్వి, వేలు వెనక్కి జరుపుకుంటుంది.