డిక్కీలో పెట్టిన తిండి లేనట్టే లెక్క!

ట్రిప్‌కి ఇంటి నుంచి తిండి కట్టుకెళ్లేవాళ్లు పిసినారులా, తెలివైనవాళ్లా? ఈ గొడవ మీకు కొత్తేం కాదు. "దారిలో తినకపోతే అది ట్రిప్పెలా అవుతుంది" అని ఒక వర్గం, "ఆ బిల్లులు ఎవరు కడతారు" అని ఇంకో వర్గం. అసలు దొంగను వదిలేసి ఇద్దరూ కొట్టుకుంటున్నారు! మీ డబ్బు పోయేది తిండి తీసుకెళ్లకపోవడం వల్ల కాదండీ. తీసుకెళ్లి డిక్కీలో పెట్టడం వల్ల!

నవ్వకండి. తెల్లారకుండానే లేచి గుడ్లు ఉడకబెడతారు, పళ్లు కడుగుతారు, బ్రెడ్డు పొట్లాలు కడతారు. తీరా బయల్దేరేటప్పుడు ఆ సంచి ఎక్కడుంటుంది? డిక్కీ అడుగున. దాని మీద సూట్‌కేసు, సూట్‌కేసు మీద చెప్పుల కవరు. కాసేపటికి వెనక సీట్లోంచి "ఆకలీ..." అని కేక. ఎవరు దిగి ఆ సామానంతా తవ్వుతారు? ఎదురుగా పెట్రోల్ బంకు, పక్కనే షాపు, లోపలికి అడుగుపెడితే చిప్స్. అంతే! సాయంత్రానికి ఇంటి తిండి పాడవుతుంది, బిల్లు మాత్రం రెండు తిండ్లకూ పడుతుంది.

అక్కడ రేట్లు ఊరికే ఎక్కువుండవు. మీరు మళ్లీ వస్తారన్న ఆశ షాపువాడికి లేదు, పక్కన ఇంకో షాపు ఉందన్న భయమూ లేదు. పైగా ఉప్పు చిప్స్ తింటే దాహం. దాహానికి కూల్‌డ్రింక్. అది తాగాక బాత్రూం. బాత్రూం కోసం ఎక్కడ ఆగుతారు? ఇంకో షాపు ముందే! ఇంతకంటే పకడ్బందీ వ్యాపారం నేనైతే చూడలేదు.

కాబట్టి తిండి సంచి వెనక సీట్లో, చెయ్యి చాచితే అందేలా ఉండాలి. నీళ్ల బాటిళ్లు కూడా. డ్రైవింగ్ చేసేవాళ్లు మాత్రం తినకండి, బండి ఆపాకే. నిద్ర ఆపుకోవడానికి ఏదో ఒకటి నమిలేవాళ్లున్నారే, మీకున్నది ఆకలి కాదు బాబూ, నిద్ర! పక్కకు ఆపి 15–20 నిమిషాలు కునుకు తీయండి. దానికి బిల్లు రాదు.

ఇక ఐస్ బాక్స్. డ్రింక్స్‌కి ఒకటి, తిండికి ఒకటి. డ్రింక్స్ బాక్స్‌ని అందరూ గంటకోసారి తెరుస్తారు, చల్లదనమంతా పోతుంది, తిండి బలవుతుంది. నీళ్ల బాటిళ్లనే ముందురోజు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పెట్టండి. ముక్కల ఐస్ కంటే గడ్డ నెమ్మదిగా కరుగుతుంది, కరిగాక తాగొచ్చు కూడా. వండిన తిండి, ఉడికించిన గుడ్లు చల్లదనం లేకుండా 2 గంటలు దాటనివ్వకండి, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియాకి పండగ. డబ్బు మిగుల్చుకుందామని కడుపు పాడుచేసుకుంటే ఆస్పత్రి బిల్లు ముందు చిప్స్ బిల్లు ఎంత చెప్పండి?

బాక్స్‌లో ఐస్ కరిగిన నీళ్లు వెంటనే పారబోయాలి అనేవాళ్లకి ఒక మాట. వద్దు! ఆ నీళ్లు చల్లగా ఉన్నంతసేపు మిగతా ఐస్‌ని కాపాడతాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో తిండి పెడితే సరి. దీని మీద వాదించాలనుకునేవాళ్లు కామెంట్లలోకి రండి, నేను అక్కడే ఉంటా.