అజెలాయిక్ యాసిడ్ క్రీమ్: ఒక ట్యూబ్ మొటిమలకి, ఒక ట్యూబ్ రోజేషియాకి, పది వారాల కడప ఎండలో

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ముందే చెప్పేస్తా, ఈ డబ్బా నాకు ఉచితంగా వచ్చింది. కంపెనీ వాళ్ళే మెయిల్ పెట్టి, అడ్రస్ అడిగి, రెండు ట్యూబులు పంపారు. డబ్బులు ఇవ్వలేదు, నేను అడగలేదు. "వీడియో వేసే ముందు ఒకసారి మాకు చూపిస్తారా మేడమ్?" అన్నారు. చూపించలేదు. కాబట్టి నా మాట వాళ్ళు కూడా మీతో పాటే వింటున్నారు.

10 శాతం అజెలాయిక్ యాసిడ్ క్రీమ్. అందులో ఏం కలిపారు, ఏం కలపలేదు అనేది మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, నేను మళ్ళీ డబ్బా వెనక్కి తిప్పి చదవను. పది వారాలు వాడాం. ఒక ట్యూబ్ నాది, ఒకటి మా అక్క కొడుకుది. వాడు ఇంటర్ సెకండియర్, వాడికి మొటిమలు. నాకు ముప్పై నాలుగేళ్ళు, నాకు రోజేషియా, అంటే బుగ్గలు, ముక్కు ఎర్రబడి, మండి, గుల్లలు లేచే చర్మ జబ్బు. ఒకే మందు, రెండు వేరు వేరు జబ్బులు. అందుకే ఈ వీడియో చేయాలనిపించింది.

డబ్బాలో ఇంకోటి కూడా ఉంది. ఇదిగో. ఫ్రీ అంట. అక్రోటు చిప్పల పొడి కలిపిన స్క్రబ్. మీద ఏం రాశారో చూడండి: "మురికిని లోతు నుంచి తొలగిస్తుంది." దీని సంగతి చివర్లో చెప్తా. ఇప్పుడే మొదలుపెడితే క్రీమ్ గురించి చెప్పడానికి ఓపిక మిగలదు.

నా కథ కొంచెం వినండి. ముప్పై దాటాక బుగ్గల మీద, ముక్కు మీద చిన్న చిన్న గుల్లలు మొదలయ్యాయి. చూసినవాళ్ళందరూ మొటిమలే అన్నారు. మాయమ్మ కూడా "ఈ వయసులో నీకేం వచ్చిందే?" అంది. నేను కూడా కాలేజీ రోజుల్లో వాడిన ఫేస్‌వాష్‌లన్నీ మళ్ళీ తెచ్చుకున్నా. ఎంత కడిగితే అంత మంట. రెండేళ్ళు అట్లా గడిచాక స్కిన్ డాక్టర్ దగ్గరికి పోతే, ఆవిడ మూడే మూడు ప్రశ్నలు అడిగింది. వేడి టీ తాగితే ముఖం మండుతుందా? మండుతుంది. కళ్ళల్లో ఇసుక పడినట్టు గరగరలాడుతుందా? అవును, నేను ఫోన్ ఎక్కువ చూడ్డం వల్ల అనుకున్నా. ముక్కు మీద నల్ల చుక్కలు, అంటే బ్లాక్‌హెడ్స్ ఉన్నాయా? లేవు. "ఇవి మొటిమలు కావమ్మా, రోజేషియా" అంది. మొటిమల్లో బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ ఉంటాయి, రోజేషియాలో ఉండవు. కళ్ళు గరగరలాడటం కూడా దాంట్లో భాగమే.

మనవాళ్ళలో ఇది ఎందుకు ఆలస్యంగా దొరుకుతుందో తెలుసా? ఇంటర్నెట్‌లో రోజేషియా అని కొడితే వచ్చే ఫొటోలన్నీ తెల్లవాళ్ళవే, టమాటా రంగులో బుగ్గలు. మన చామనఛాయ మీద ఆ ఎరుపు అంత సులభంగా కనిపించదు. నా బుగ్గ మహా అయితే ఇటుక రంగుకి తిరుగుతుంది. కంటికి కనిపించడం కంటే చేతికి తెలుస్తుంది. పెనం పక్కన పెట్టినట్టు వేడి.

ఇంకో అన్యాయం ఉంది. ముక్కు ఎర్రబడిన మగవాళ్ళని చూసి జనం తాగుబోతు అని ముద్ర వేస్తారు. మద్యం కొందరిలో రోజేషియాని రెచ్చగొట్టే మాట నిజమే. కానీ జన్మలో చుక్క ముట్టనివాళ్ళకి కూడా ఇది వస్తుంది. మా బంధువుల్లో ఒకాయన ఉన్నాడు, మజ్జిగ తప్ప ఇంకోటి తాగడు. పాపం, ఆ ముక్కు వల్ల పెళ్ళిచూపుల్లోనే రెండు సంబంధాలు తప్పిపోయాయి.

సరే, ఒకే క్రీమ్ రెండిటికీ ఎట్లా పని చేస్తుంది? రెండూ ఇన్‌ఫ్లమేషన్ జబ్బులే కాబట్టి. కాలికి కంపముల్లు గుచ్చుకుందనుకోండి. సాయంత్రానికి ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, సలుపుతుంది. అదే ఇన్‌ఫ్లమేషన్. ఒంట్లో ఉండే కావలివాళ్ళందరూ అక్కడికి పరిగెత్తుకొచ్చి చేసే గొడవ. మొటిమలో ఆ గొడవ వెంట్రుక మొలిచే గుంటలో జరుగుతుంది. ఈడొచ్చేసరికి హార్మోన్ల వల్ల నూనె ఎక్కువవుతుంది, చచ్చిన చర్మకణాలు రాలకుండా అంటుకుని దారి మూసేస్తాయి, లోపల క్యూటీబాక్టీరియం యాక్నెస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. దీని ఇంటిపేరు 2016 దాకా ప్రొపియోనిబాక్టీరియం, తర్వాత మార్చారు. అది మనందరి ముఖం మీదా ఉండేదే, బయటి నుంచి వచ్చిన దొంగేం కాదు.

రోజేషియాలో కథ వేరు. సూక్ష్మజీవులతో కొట్లాడటానికి చర్మం కాథెలిసిడిన్ అనే ప్రోటీన్ ఒకటి తయారు చేసుకుంటుంది. మాకు అది అవసరానికి మించి తయారవుతుంది. దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ కూడా ఎక్కువే. ఆ ముక్కలు పోయి రక్తనాళాల్ని రెచ్చగొడతాయి. అంటే చిన్న అలికిడికే వీధి మొత్తం లేచి కర్రలు పట్టుకుని వచ్చే ఊరు లాంటిది నా ముఖం. అజెలాయిక్ యాసిడ్ ఆ ఎంజైమ్‌నీ తగ్గిస్తుంది, మొటిమల బాక్టీరియానీ తగ్గిస్తుంది, మూసుకున్న గుంటల్నీ సర్దుతుంది. అమెరికాలో 20 శాతం క్రీమ్‌కి మొటిమల కోసం 1995లో, 15 శాతం జెల్‌కి రోజేషియా కోసం 2002లో అనుమతి ఇచ్చారు. మన చేతిలో ఉన్నది 10 శాతం. ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

డబ్బా మీద "ధాన్యాల నుంచి పుట్టిన సహజ శక్తి" అని గోధుమ వెన్ను బొమ్మ వేశారు. గోధుమల్లో, బార్లీలో ఇది ఉంటుంది, అబద్ధం కాదు. కానీ ఫ్యాక్టరీలో దీన్ని ఓలిక్ యాసిడ్ నుంచి చేస్తారు. ఓలిక్ యాసిడ్ అంటే మన శెనక్కాయల నూనెలో పుష్కలంగా ఉండేదే. ఆ లెక్కన బొమ్మ వేయాల్సింది మన శెనక్కాయలది! అట్లాగని నూనె తెచ్చి ముఖానికి రాసుకోకండి, కింద ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. ఈ క్రీమ్ ఉండలు కడుతుంది. మామూలుగా కాదు. పొద్దున్నే ముఖం కడుక్కుని, బఠాణీ గింజంత తీసుకుని రాశా. బాగానే ఉంది, మెత్తగా పట్టులాగా జారింది. ఐదు నిమిషాలు ఆగి మీద సన్‌స్క్రీన్ పెట్టా. అంతే, తెల్లటి పేలికలు రాలడం మొదలైంది. పెళ్ళికూతురికి నలుగు పెట్టి రుద్దితే పిండి ఉండలు ఉండలుగా రాలుతుంది చూడండి, సరిగ్గా అట్లా. మా వాడు పక్కన నిలబడి "చిన్నమ్మా, నీకు పొట్టు ఊడుతోంది" అన్నాడు. పది నిమిషాలు ఆగి చూశా, పావుగంట ఆగి చూశా. తడి ముఖం మీద, పొడి ముఖం మీద, మాయిశ్చరైజర్ ముందు, మాయిశ్చరైజర్ తర్వాత, అన్నీ చేశా. మూడు సన్‌స్క్రీన్లు మార్చా. ఒకరోజు బ్యాంకులో క్యూలో నిలబడి ఉంటే ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి, నా గడ్డం మీద నుంచి ఒక ఉండ తీసి, "సున్నిపిండి సరిగ్గా కడుక్కోలేదమ్మా" అంది. ఏం చెప్పాలి ఆమెకి?

మీకిది చిన్న విషయం అనిపించొచ్చు. నాకు కాదు. రోజేషియాకి ఎండే పెద్ద శత్రువు. కడపలో ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటితే కోటిరెడ్డి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడ్డ రెండు నిమిషాలకే నా బుగ్గలు వెలిగిపోతాయి. సన్‌స్క్రీన్ లేకుండా నేను మిద్దె మీదికి కూడా పోను. ఆ సన్‌స్క్రీన్‌నే నిలవనివ్వని మందు రోజేషియావాళ్ళకి పంపడం ఏంటండీ? తయారు చేసినవాళ్ళు ఒక్కరోజైనా రాసుకుని ఎండలోకి వచ్చారా? చివరికి నాకు తోచిన ఉపాయం ఇదే: రాత్రి మాత్రమే రాయడం. పొద్దున జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ ఒక్కటే. రోజుకి రెండుసార్లు రాయమని డబ్బా మీద ఉంది, నేను ఒక్కసారే రాశా. అందుకని నా ఫలితం కొంచెం తక్కువ వచ్చి ఉండొచ్చు. అది నా తప్పు కాదు.

మొదటి రెండు వారాలు చురచుర ఉంటుంది. చీమలు పాకినట్టు, కొంచెం దురద. అది ఈ మందు స్వభావం, పదిహేను ఇరవై నిమిషాల్లో పోతుంది. తర్వాత తర్వాత అలవాటవుతుంది. మంట ఆగకపోతే, వాచిపోతే మాత్రం ఆపేసి డాక్టర్‌కి చూపించండి.

మంట అంటే గుర్తొచ్చింది. దీనికంటే ముందు నేను వాడినవాటిలో ఒకటి చెప్పి తీరాలి. డాక్టర్ దగ్గరికి పోకముందు, ఒక మందుల షాపులో "ముఖానికి ఏదైనా మంచిది ఇవ్వన్నా" అంటే ఒక ట్యూబ్ చేతిలో పెట్టాడు. చీటీ లేదు, ప్రశ్న లేదు. మూడు రోజుల్లో ముఖం అద్దంలా అయింది. నేనే పది మందికి చెప్పా, తలుచుకుంటే సిగ్గేస్తుంది. రెండు నెలల తర్వాత ఆపిన వారానికి ముఖం మొత్తం నిప్పులు. మళ్ళీ రాస్తే తగ్గుతుంది, ఆపితే రెట్టింపు. అందులో ఉన్నది స్టెరాయిడ్. కొన్నాళ్ళు ఇన్‌ఫ్లమేషన్‌ని అణిచిపెడుతుంది, కానీ లోపల చర్మాన్ని పల్చన చేస్తుంది, ఆపగానే అంతకంతా తిరిగొస్తుంది. మన దేశంలో స్కిన్ డాక్టర్లు దీనికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారంటే ఎంతమంది ఇట్లా అయ్యారో ఆలోచించండి. మీ ట్యూబ్ మీద బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్, ఈ మాటలు ఉన్నాయేమో ఇప్పుడే పోయి చూడండి. వీడియో ఆపి పోండి, నేనిక్కడే ఉంటా. ఉంటే మీ అంతట మీరు ఆపేయకుండా, డాక్టర్‌ని అడిగి ఆపండి.

మా వాడు దీనికి ముందు బెంజాయిల్ పెరాక్సైడ్ వాడాడు. మొటిమలకి అది మంచి మందే. ఎక్కువ శాతం ఉంటే ఎక్కువ పని చేస్తుందని వీడు 5 శాతం కొన్నాడు, నిజానికి 2.5 శాతమే చాలామందికి సరిపోతుంది, మంట కూడా తక్కువ. వాడికి పర్లేదు కానీ దిండు గలీబులు, రెండు టవళ్ళు, మా అక్క నైటీ ఒకటి రంగు వెలిసి మచ్చలు పడ్డాయి. ఆ మందు బట్టల రంగు తినేస్తుంది. అజెలాయిక్ అట్లా చేయదు, మా అక్క ఈ క్రీమ్‌కి ఇచ్చే మార్కులన్నీ అందుకే.

తిండి సంగతి. కడపలో ఉండి ఎర్రకారం దోసె తినొద్దంటే ఎవరు వింటారు? నేను ఒక నెల నోట్‌బుక్‌లో రాసుకున్నా, ఏం తిన్నాను, ఎప్పుడు మండింది అని. కారం కంటే పొగలు కక్కే టీ, పొయ్యి సెగ నాకు ఎక్కువ చేటు అని తేలింది. దోసె బతికిపోయింది. టీ చల్లార్చుకుని తాగుతున్నా, ఇంట్లో అందరూ నవ్వుతారు. ఒక్కొక్కరికి ఒక్కోటి పడదు, మీది మీరే రాసుకుని చూడాలి. మొటిమలకైతే కారంతో పనిలేదు. తీపి, మైదా ఎక్కువ తింటే కొందరికి పెరుగుతాయి. మా వాడికి ఆ మాట చెప్తే వినపడదు.

పది వారాలకి ఏమైంది? నాకు గుల్లలు బాగా తగ్గాయి, మూడొంతుల్లో రెండొంతులు పోయాయి. గుప్పున వేడి కమ్మడం మాత్రం అట్లాగే ఉంది. దానికి ఈ మందు పెద్దగా పని చేయదు. వాడికి పైపై మొటిమలు సగం తగ్గాయి. మొటిమ పోయాక మిగిలే నల్లమచ్చలు మాత్రం నేను అనుకున్నదానికంటే పల్చబడ్డాయి, అక్కడ ఈ క్రీమ్‌కి దండం పెట్టాలి. మూడో వారంలో "ఏం కాలేదు" అని పారేయబోయాడు, నేనే ఆపా. ఏ మొటిమల మందుకైనా రెండు మూడు నెలలు ఇవ్వాలి. దవడ దగ్గర లోతుగా గడ్డల్లాంటివి నాలుగు ఉన్నాయి, వాటిని ఇది కదిలించలేదు. ముఖం మీద గుంటల్లాంటి మచ్చలు ఎక్కువగా పడేది అట్లాంటివాటి వల్లే, అందుకని వాణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం.

కొనాలా? మందు మంచిది, క్రీమ్ దరిద్రం. నల్లమచ్చల కోసం, రాత్రి ఒక్కపూటే రాసుకునేవాళ్ళు కొనుక్కోండి. రోజేషియా ఉన్నవాళ్ళు ఈ డబ్బులతో ఒకసారి డాక్టర్ ఫీజు కట్టండి, 15 శాతం జెల్ మీకు పనికొస్తుందో లేదో వాళ్ళే చెప్తారు. నేను మళ్ళీ కొనను. ఆ ఉండలు నాకొద్దు.

ఇక స్క్రబ్. మొటిమ మురికి వల్ల రాదు. మా వాడి ముక్కు మీద నల్ల చుక్క ఉంది, అదే బ్లాక్‌హెడ్, అది కూడా మురికి కాదు. గుంటలో చిక్కుకున్న సరుకులో ఉండే మెలనిన్‌కి గాలి తగిలి నల్లబడుతుంది. రుద్దితే పోదు. వాచిన చోట చిప్పల పొడి పెట్టి రుద్దడం అంటే ముల్లు గుచ్చుకున్న కాలిని గరుకు బండ మీద రాయడం. మొటిమల క్రీమ్ డబ్బాలోనే దీన్ని పెట్టి పంపారు చూడండి, నాకు ఒళ్ళు మండింది అక్కడే. పారేద్దామంటే మాయమ్మ పారేయనివ్వలేదు. "ఊరికే వచ్చింది ఎందుకు పారేస్తావ్?" అని వంటింట్లోకి తీసుకుపోయింది.

ఇదిగో ఈ ఇత్తడి చెంబు చూడండి. కెమెరాకి కొంచెం దగ్గరగా పెడతా. మా జేజిది, ఇన్నాళ్ళూ నల్లగా ఉండేది.