ఫ్రాన్స్ అనే లైనర్‌ని నార్వే అనే క్రూజ్ షిప్‌గా ఎలా మార్చారు

నమస్తే అండి, స్క్రీన్ మీద ఉన్న ఈ నీలం ఓడ పేరు నార్వే, కానీ పుట్టినప్పుడు పేరు ఫ్రాన్స్, రంగు నలుపు. అప్పుడది లైనర్, అంటే జనాన్ని సముద్రం దాటించి ఒక రేవు నుంచి ఇంకో రేవుకి చేర్చే ఓడ, క్రూజ్ షిప్ అంటే సెలవుల్లో షికారు తిప్పే ఓడ. 1962లో ఫ్రాన్స్ దేశంలోని ల హావ్ర్ రేవు నుంచి న్యూయార్క్‌కి తిరగడం మొదలుపెట్టింది, పొడవు 316 మీటర్లు, క్వీన్ మేరీ 2 అనే ఓడ వచ్చేదాకా ఇంత పొడుగు ప్యాసింజర్ షిప్ ఇంకోటి లేదు.

ఆ పొగగొట్టాలు చూడండి, రెక్కలున్నాయి కదా, పొగ ఆ రెక్కల్లోంచి పక్కలకి పోతుంది, డెక్ మీద జనం నెత్తిన మసి పడదు. నాకు ఈ ఓడలో అన్నిటికన్నా నచ్చేది అదే.

1973లో ఆయిల్ రేట్లు మండిపోయాయి, అప్పటికే జనం విమానాలెక్కుతున్నారు, ఫ్రాన్స్ ప్రభుత్వం సబ్సిడీ ఆపేసింది, 1974లో ఓడ ఆగిపోయింది. 1979లో నార్వే దేశపు ఓడల వ్యాపారి క్నుట్ క్లోస్టర్ కొని జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌కి తీసుకెళ్ళాడు. ఇక్కడే అసలు తెలివంతా ఉందండి. అట్లాంటిక్‌లో 30 నాట్స్, అంటే గంటకి దాదాపు 55 కిలోమీటర్ల స్పీడ్‌తో పరిగెత్తాలని నాలుగు ప్రొపెల్లర్లు పెట్టారు, కరీబియన్‌లో సెలవులకొచ్చిన వాళ్ళకి అంత తొందరేముంది, అందుకని బయటి రెండు ప్రొపెల్లర్లు పీకేసి ఓడ ముందు వైపున్న ఇంజన్ రూమ్‌ని పూర్తిగా ఆపేశారు, ఆయిల్ ఖర్చు బాగా తగ్గింది. చలిగాలి తగలకుండా మూసి కట్టిన చోట్ల ఎండ కోసం డెక్‌లు తెరిచారు, పూల్ పెట్టారు. ఓడ నీళ్ళలో 10 మీటర్ల దాకా దిగుతుంది, చిన్న దీవుల రేవుల్లోకి పోలేదు, కాబట్టి ముందు డెక్ మీద రెండు పెద్ద పడవలు మోసుకెళ్ళి వాటిలో జనాన్ని ఒడ్డుకి చేర్చేవాళ్ళు.

1990లో మాత్రం పైన ఇంకో రెండు డెక్‌లు వేశారు, గదులు పెరిగాయి, డబ్బులొచ్చాయి, కానీ ఆ సన్నటి అందం పోయింది, పాత ఫొటో పక్కన పెడితే తేడా మీకే తెలుస్తుంది.

2003లో మయామీలో బాయిలర్ పేలి 8 మంది సిబ్బంది చనిపోయారు, ఆ తర్వాత ఓడ మళ్ళీ ప్రయాణికుల్ని ఎక్కించుకోలేదు. 2006లో బ్లూ లేడీ పేరుతో మన గుజరాత్‌లోని అలంగ్‌కి వచ్చింది. లోపల ఆస్‌బెస్టాస్, అంటే దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు పాడుచేసే నారలాంటి ఖనిజం, ఉందని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2007లో కోర్టు ఒప్పుకుంది, ముక్కలు చేసేశారు. ఆ కేసు వేసినవాళ్ళ భయం న్యాయమైందే అంటాను నేను, గోడలు విప్పేటప్పుడు ఆ దుమ్ము పీల్చేది అక్కడి కూలీలే కదా.