రెండో తాళంచెవి ఎక్కడ పెట్టారు?

అందరికీ నమస్కారం.

రెండేళ్ల కిందట కార్తీక మాసంలో, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో మా అమ్మ దీపం వదులుతుంటే ఫొటో తీయబోయాను. ఫోను చేతిలోంచి జారి, రెండు మెట్లు దొర్లి, గోదాట్లో పడింది. ఆ పూట పెద్దగా దిగులు పడలేదు. ఫోను మళ్లీ కొనుక్కోవచ్చు, సిమ్ మర్నాడే ఇచ్చేశారు. మూడో రోజున ఈమెయిల్ తెరవబోయాను. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టాను. తర్వాత ఆరంకెల కోడ్ అడిగింది. ఆ కోడ్ చూపించే యాప్ నది అడుగున ఉంది.

పన్నెండేళ్ల ఉత్తరాలు అందులో ఉన్నాయి, మా నాన్న పోకముందు రాసిన ఆఖరి మెయిల్‌తో సహా. పంతొమ్మిది రోజులు దానికోసం తిరిగాను. చివరికి పాత ల్యాప్‌టాప్ ఒకటి అటకమీద దొరికింది, అందులో ఆ ఖాతా ఇంకా లాగిన్ అయి ఉంది కాబట్టి బతికిపోయాను. మరో రెండు ఖాతాలు ఇప్పటికీ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ తర్వాత ఇలా ఇంకో కోడ్ కూడా అడిగే రెండో తాళం వేసుకోమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అదే చెబుతాను. కానీ చెవి పోతే లోపలికి ఎలా వెళ్లాలో తాళం వేసిన రోజే చూసుకోవాలి. ఆ మాట చెప్పడానికే వచ్చాను.

ముందు ఆ ఆరంకెలు ఎక్కణ్ణుంచి వస్తాయో చూద్దాం. కంపెనీ పంపుతుందనుకుంటాం. పంపదు. మొదటిసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్యపు అక్షరాల వరస మీ ఫోనులో చేరుతుంది. అదే వరస వాళ్ల సర్వర్‌లోనూ ఉంటుంది. ఫోను ఆ రహస్యాన్నీ గడియారంలోని సమయాన్నీ కలిపి ఒక లెక్క కడుతుంది. అటు సర్వరూ అదే లెక్క కడుతుంది. జవాబులు కలిస్తే తలుపు తెరుచుకుంటుంది. 30 సెకన్లకోసారి సమయం మారుతుంది కాబట్టి కోడూ మారుతుంది. ఈ పద్ధతి 2011లో ప్రమాణంగా ఖరారైంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా కోడ్ వస్తూనే ఉంటుంది, కావాలంటే ఇప్పుడే చూడండి.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. ఈ కోడ్‌కీ మీ ఫోన్ నంబరుకీ సంబంధం లేదు. కొత్త సిమ్ తెచ్చుకున్నా ఆ రహస్యం తిరిగి రాదు. ఇలా కోడ్‌లు చూపించే యాప్ గూగుల్ అథెంటికేటర్ 2010లో వచ్చింది, అందులోని రహస్యాలను గూగుల్ ఖాతాలో దాచుకునే వీలు 2023 ఏప్రిల్‌లో గానీ రాలేదు. నా యాప్‌లో ఆ వీలు ఉండి కూడా నేను ఆన్ చేయలేదు.

మెసేజ్‌లో వచ్చే ఓటీపీ సంగతి వేరు. ఆన్‌లైన్‌లో కార్డుతో కొనేటప్పుడు రెండో తనిఖీ ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2009లో నియమం పెట్టింది, అప్పట్నుంచి మనకిది అలవాటైంది. ఇది సిమ్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది. సిమ్ ఎవరి చేతిలో ఉంటే కోడ్ వాళ్లకే. 2019 ఆగస్టులో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ నంబరే దొంగల చేతికి వెళ్లింది, ఆ నంబరు నుంచి మెసేజ్‌లు కొట్టి ఆయన ఖాతాలో పిచ్చిరాతలు రాశారు. మన దగ్గర 2024 జూలై 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక జాగ్రత్త పెట్టింది: సిమ్ మార్చాక ఏడు రోజులదాకా ఆ నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేయనివ్వరు. మీ ఫోనులో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి, పక్కవాళ్లకు మాత్రం వస్తుంటే, ఊరుకోకండి. వేరే ఫోను నుంచి ముందు సిమ్ కంపెనీకి, వెంటనే బ్యాంకుకి చేయండి. డబ్బు పోయిందని తెలిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

మెసేజ్ ఓటీపీ బలహీనమని తీసేయకండి. ఏమీ లేకపోవడం కంటే అది ఎంతో నయం.

ఇప్పుడు అసలు చిక్కు. బ్యాంకు లాకర్ తాళంచెవి పోతే మేనేజరుకు అర్జీ పెట్టి, డబ్బు కట్టి, మన ఎదురుగా పగలగొట్టిస్తాం. ఆన్‌లైన్ ఖాతాకు అలా పగలగొట్టే మనిషి లేకపోతే మనకు నష్టం. ఉంటే, ఆ మనిషిని దొంగ కూడా అడగగలడు.

2012 ఆగస్టులో అమెరికాలో మ్యాట్ హోనన్ అనే పాత్రికేయుడికి జరిగింది ఇదే. దొంగలు ఆయన పాస్‌వర్డ్ కనిపెట్టలేదు, ఫోన్లు చేశారు. అమెజాన్‌కి చేసి, ఆయన పేరుమీద ఒక కార్డు నంబరు చేర్పించారు. మళ్లీ చేసి, ఆ కార్డు నంబరే రుజువుగా చూపి కొత్త ఈమెయిల్ చేర్పించారు. దాంతో లోపలికి వెళ్తే ఆయన అసలు కార్డు చివరి నాలుగంకెలు కనిపించాయి. ఆ నాలుగంకెలూ, ఇంటి చిరునామా చెబితే ఆపిల్ వాళ్లు తాత్కాలిక పాస్‌వర్డ్ ఇచ్చేశారు. గంటసేపట్లో ఆయన ఫోను, ఐప్యాడ్, ల్యాప్‌టాప్ అన్నీ తుడిచేశారు. చంటిపిల్ల ఫొటోలు కూడా పోయాయి. వాళ్లకు కావలసింది ఆయన ట్విట్టర్ పేరు. ఆపిల్ మెయిల్‌లోంచి ఆయన గూగుల్ ఖాతాలోకీ, దాంట్లోంచి ట్విట్టర్‌లోకీ వెళ్లారు. గూగుల్ ఖాతాకు రెండో తాళం వేసి ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదేమోనని ఆయనే తర్వాత రాశారు.

అందుకే, ఏ కంపెనీ అయినా తిరిగి లోపలికి పంపడానికి రోజుల తరబడి సతాయిస్తే నాకిప్పుడు కోపం రాదు. ఆ పంతొమ్మిది రోజుల్లో వచ్చింది, నిజమే. నేను బతిమాలగానే తలుపు తీసే చోట, నా పేరు చెప్పి ఇంకొకడు బతిమాలినా తీస్తారు.

మన ఇళ్లలో ఇంకో రకం ప్రమాదం ఉంది. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అతని ఇక్కడి బ్యాంకు ఓటీపీ నాన్నగారి ఫోనుకి వస్తుంది. అక్కడ పగలు, ఇక్కడ అర్ధరాత్రి. నాన్నగారు కళ్లద్దాలు వెతుక్కుని అంకెలు చదివి వినిపిస్తారు. ఇలా అలవాటైన పెద్దాయన, రేపు బ్యాంకు నుంచి అని ఇంకెవరో అడిగినా చదివేస్తారు. ఆయన లేని రోజున ఆ నంబరుకు రీచార్జ్ చేయడం ఎవరికీ గుర్తుండదు. మూతపడిన నంబరును కనీసం 90 రోజులు ఆపి, తర్వాత కొత్తవాళ్లకు ఇవ్వవచ్చు. ఆ ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి పోతాయి. ఇలాంటి ఇల్లు మీదైతే ఈ ఆదివారం వీడియో కాల్‌లో కూర్చుని నంబరు మార్పించండి.

ఇక చేయాల్సింది. ఫోను చేతిలో లేనప్పుడు వాడుకోవడానికి గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు, ఒకసారి వాడితే అది చెల్లిపోతుంది. వాటిని స్క్రీన్‌షాట్ తీయకండి, ఫోనుతోపాటే పోతుంది. అదే మెయిల్‌కి పంపుకోకండి, తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టే. కాగితం మీద రాసి, పొలం దస్తావేజులున్న బీరువాలో పెట్టండి. ఇంకో ప్రతి తోబుట్టువు ఇంట్లో ఉండనివ్వండి. వాట్సాప్‌లో పిన్ పెట్టినప్పుడు ఈమెయిల్ కూడా అడుగుతుంది, దాటేయకుండా ఇవ్వండి. లేకపోతే పిన్ మరిచిపోయిన రోజున ఏడు రోజులు ఆగాలి. పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోను లాక్‌తోనో వేలిముద్రతోనో లోపలికి వెళ్లే పద్ధతి, పెట్టుకునే చోట పెట్టుకోండి. నకిలీ సైటు ఎంత అచ్చుగుద్దినట్టున్నా పాస్‌కీ అక్కడ పనిచేయదు, ఆరంకెలనైతే మనమే దొంగ చేతిలో పెట్టగలం. అయితే పాస్‌కీ కూడా ఒక్క ఫోనులోనే ఉంటే మళ్లీ నా కథే.

రాసుకున్న కోడ్ ఒకటి వాడి చూడండి. ఒకటి ఖర్చయితే తొమ్మిది మిగులుతాయి, పనిచేస్తుందని తెలుస్తుంది.

వెనక బల్ల మీద తెల్లకాగితాలు, పెన్నులు పెట్టించాను. ఇప్పుడు పదిహేను నిమిషాలు ప్రసంగం ఆపుతున్నాను. ఫోన్లు తీయండి, ముందు ఈమెయిల్ ఖాతా సెక్యూరిటీ పేజీకి వెళ్లండి. పెద్దవాళ్ల పక్కన పిల్లలు ఒకరొకరు కూర్చోండి. కోడ్‌లు మాత్రం ఎవరివి వాళ్లే రాసుకోవాలి, నాక్కూడా చూపించొద్దు.