గంట కాల్చిన గాజు, నాలుగు రోజులు కాల్చిన గాజు

శ్రావణి: బాబాయ్, పసుపు గాజు, ఎర్ర గాజు రెండూ ఒకే సరుకుతో వస్తాయని మొన్న ఫోన్‌లో అన్నావు చూడు, అప్పటి నుంచి నాకు అదే ఆలోచన. నిజంగా ఒకటేనా?

బాబాయ్: నిజమేనమ్మా. కాడ్మియం సెలెనైడ్, కాడ్మియం సల్ఫైడ్ కలిపిన గాజు పసుపుగానూ రావచ్చు, ఎర్రగానూ రావచ్చు, అంతా ఎంత వేడి చేశారు, ఎలా చల్లార్చారు అన్నదాన్ని బట్టే. అలా ఎందుకవుతుందని పట్టుబట్టి వెతికినాయన సోవియట్ యూనియన్‌లో అలెక్సీ ఎకిమోవ్.

శ్రావణి: క్వాంటమ్ డాట్స్‌కి, అదే సైజును బట్టి రంగు మారే అతి చిన్న స్ఫటికాలకి, 2023లో నోబెల్ వచ్చిన ఆయనేనా?

బాబాయ్: ఆయనే. డాట్స్ అనగానే అందరూ వాటిని వాడే టీవీల గురించి మాట్లాడతారు గానీ, నా మనసంతా ఆ కొలిమి మీదే. గాజులో కాపర్ క్లోరైడ్ కలిపి, 500 నుంచి 700 డిగ్రీల మధ్య, ఒక ముక్కను గంటసేపు, ఇంకో ముక్కను 96 గంటలు, అలా రకరకాలుగా ఉంచి చూశారు.

శ్రావణి: అంటే నాలుగు రోజులు! అంతసేపు లోపల ఏం జరుగుతుంది?

బాబాయ్: కాచిన నెయ్యి బయట మెల్లగా చల్లారితే పూస కడుతుంది, వెంటనే ఫ్రిజ్‌లో పెడితే కట్టదు కదా. ఇక్కడా పూస కట్టడమే, కాకపోతే కంటికి కనపడనంత చిన్నది. ఆ వేడికి గాజు నీళ్లలా పారదు, కానీ లోపలి రాగి, క్లోరిన్ అయాన్లు మెల్లగా జరుగుతూ అక్కడక్కడ చేరి స్ఫటికాలవుతాయి. తర్వాత చిన్నవి కరిగిపోతుంటే ఆ సరుకు పెద్దవాటికి చేరుతుంది. ఈ దశలో సైజు కాలానికి ఘనమూలంగా పెరుగుతుంది, అంటే సైజు రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల సమయం పట్టాలి. ఎంత అందమైన లెక్కో చూడు! పెరుగుదల అంత నిదానం కాబట్టే కావలసిన సైజు దగ్గర ఆపగలం.

శ్రావణి: మరి సైజు తేడా ఎలా తెలిసింది?

బాబాయ్: ఎక్స్‌రేలతో. స్ఫటికాలు కొన్ని ముక్కల్లో 2 నానోమీటర్లు, కొన్నిట్లో 30 దాకా ఉన్నాయి. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. పెద్దవి మామూలు కాపర్ క్లోరైడ్ లాగే కాంతిని పీల్చుకున్నాయి, చిన్నవయ్యేకొద్దీ ఆ పీల్చుకునే కాంతి నీలం వైపు జరిగింది. ఇరుకు చోట ఉన్న ఎలక్ట్రాన్‌కు ఎక్కువ శక్తి కావాలి, అదీ సంగతి. 1981లో సోవియట్ పత్రికలో ఇది అచ్చయింది. అమెరికాలో లూయిస్ బ్రూస్ అనే శాస్త్రవేత్తకి ఆ సంగతే తెలియదు, 1983లో ఆయన ద్రవంలో తేలే రేణువుల్లో ఇదే చూశారు.

శ్రావణి: ఆ గాజు ముక్కని మళ్లీ కొలిమిలో పెడితే?

బాబాయ్: ఆ స్ఫటికాలు ఆగిన చోటి నుంచి మళ్లీ పెరగడం మొదలుపెడతాయి.